మొక్కల మందుతో కుంగుబాటు తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 43. గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. గత ఏడాది నాన్నగారు పోయారు. ఆ దుఃఖం తీరకముందే అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. ఆరు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ నిద్ర పట్టదు. తరగతిలో చెబుతున్న లెక్క మధ్యలో ఆగిపోతోంది. ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. థైరాయిడ్‌కు రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. డాక్టరు గారు ఇది కుంగుబాటని చెప్పి ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అలవాటైపోతుందన్న భయంతో మొదలుపెట్టలేదు. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు ‘ఇవి సహజమైనవి, హాని చేయవు’ అంటూ ఒక అశ్వగంధ సీసా, ఒక సెయింట్ జాన్స్ వర్ట్ సీసా పంపాడు. మా అబ్బాయి ఏదో వీడియో చూసి రోజూ పసుపు పాలలో మిరియాల పొడి వేసి ఇస్తున్నాడు. పసుపులోని పదార్థం ఈ జబ్బుకు ఇంగ్లీషు మందుతో సమానంగా పనిచేస్తుందని పరిశోధనలో తేలిందట. మాత్రకు బదులు ఇవి వాడవచ్చునా? చచ్చిపోవాలని లేదు గానీ, పొద్దున్నే లేవకపోయినా బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తోంది. — ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, అన్నిటికన్నా చివర, చెప్పీ చెప్పనట్టుగా రాసిన మాటకు ముందుగా జవాబు చెబుతాను. ‘లేవకపోయినా బాగుండును’ అనిపించడం మీ మనసులోని లోపం కాదు. జ్వరంలో వణుకు ఎలాంటిదో ఈ జబ్బులో ఆ ఆలోచన అలాంటిది. అయితే డాక్టరు గారికి తప్పనిసరిగా చెప్పవలసిన లక్షణం. మొదటిసారి చూపించుకున్నప్పుడు చెప్పి ఉండకపోతే ఈ వారంలోనే వెళ్ళి చెప్పండి. ఆ ఆలోచన ఎప్పుడైనా ‘ఎలా’ అన్నంత దూరం వెళితే మర్నాటి దాకా ఆగకుండా ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు మీ ఫోనులో ఇప్పుడే దాచుకోండి.

ఇక మీరడిగిన దానికి సూటి జవాబు. డాక్టరు గారు రాసిన మాత్రకు బదులుగా ఈ మూడింటిలో దేన్నీ వాడవద్దు. సెయింట్ జాన్స్ వర్ట్‌ను ఆ మాత్రతో కలిపి అసలే వేసుకోవద్దు; అది ప్రమాదం. అశ్వగంధ సీసాను మీ థైరాయిడ్ మాత్ర సంగతి తేలేదాకా తెరవవద్దు. పసుపు పాలు తాగవచ్చు, కాని వాటిని పాలుగానే తాగండి, మందుగా కాదు. ఇలా అన్నానని మొక్కల మందులంటే నాకు చిన్నచూపు అనుకోవద్దు. నేను వైద్య విద్యార్థులకు ఔషధ శాస్త్రం బోధించినవాణ్ణి. ఆ శాస్త్రంలో ఎన్నో మందుల పుట్టుక మొక్కల దగ్గరే మొదలవుతుంది. మొక్క నుంచి వచ్చిందన్నది నా అభ్యంతరం కాదు. ఎంత మోతాదులో, ఎవరి మీద, దేనితో కలిపి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చూడకుండా ‘సహజం’ అన్న ఒక్క మాటను నమ్మి మింగడమే నా అభ్యంతరం.

పసుపు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మీ అబ్బాయి విన్నది పూర్తిగా అబద్ధం కాదు. గుజరాత్‌లోని భావ్‌నగర్ వైద్యులు కుంగుబాటు ఉన్న 60 మందిని మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు కుంగుబాటుకు వాడే ఫ్లూయోక్సెటిన్ అనే మందు 20 మిల్లీగ్రాములు, ఒక జట్టుకు పసుపులోని కర్క్యుమిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు, మూడో జట్టుకు రెండూ కలిపి ఆరు వారాల పాటు ఇచ్చారు. 2014లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం ఫ్లూయోక్సెటిన్ జట్టులో 64.7 శాతం, కర్క్యుమిన్ జట్టులో 62.5 శాతం, రెండూ తీసుకున్న జట్టులో 77.8 శాతం మందికి గుణం కనిపించింది. ‘సమానం’ అన్న మాట ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. కాని లెక్కల టీచరుగా మీరు వెంటనే పట్టుకోగలిగిన చిక్కు ఒకటుంది. జట్టుకు ఇరవై మంది చొప్పున ఉన్నప్పుడు ఒకరిద్దరు అటూ ఇటూ అయితేనే శాతాలు అయిదో పదో మారిపోతాయి. ఆ మూడు అంకెల మధ్య తేడా గణాంకాల లెక్కలో తేడాగా నిలవలేదు. పైగా ఉత్తుత్తి మాత్ర వేసుకున్న జట్టు ఆ పరీక్షలో లేదు. కుంగుబాటు పరీక్షల్లో ఏ మందూ లేని మాత్ర వేసుకున్నవారిలో కూడా చాలామంది కోలుకుంటారు. కాలం గడవడం, ఎవరో శ్రద్ధగా అడిగి వినడం, కోలుకుంటామన్న నమ్మకం, ఇవన్నీ ఆ ఫలితంలో కలుస్తాయి. అందుచేత రెండు జట్లు సమానంగా కోలుకున్నాయంటే రెండు మందులూ సమానంగా పనిచేశాయని అర్థం తీయలేం. ఆశ కలిగించే ఆరంభమని మాత్రమే అనగలం.

మోతాదు సంగతి ఇంకా ముఖ్యం. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం ఉంటుంది. 1000 మిల్లీగ్రాములు కావాలంటే 33 గ్రాముల పసుపు, అంటే దాదాపు పదకొండు చెంచాలు, రోజూ తినాలి. మీ అబ్బాయి వేసే చిటికెడు అరగ్రాము అనుకుంటే అందులో ఉండేది 15 మిల్లీగ్రాములు. అందులోనూ కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి బహు కొద్దిగా చేరుతుంది, చేరినది కూడా కాలేయంలో త్వరగా మారిపోయి బయటికి వెళ్ళిపోతుంది. మిరియాలు కలిపే ఆలోచన వెనుక నిజమైన పరిశోధనే ఉంది. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లు పెరిగిందని చూపారు. పైపరిన్ అంటే మిరియాలకు ఆ ఘాటునిచ్చే పదార్థం. అయితే అది కర్క్యుమిన్‌ను ప్రత్యేకంగా మోసుకుపోదు; పేగుల్లో, కాలేయంలో పరాయి పదార్థాలను విరిచి పంపే ఎంజైములను నెమ్మదింపజేస్తుంది. అంటే ద్వారపాలకుణ్ణి నిద్రపుచ్చుతుంది. అతడు నిద్రపోయినప్పుడు పసుపు ఒక్కటే కాక, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి వేరే మందులు కూడా ఉండవలసిన దానికన్నా ఎక్కువగా రక్తంలో చేరతాయి. చారులో వేసే మిరియాలతో ఇంత జరగదు. పసుపు సారం, మిరియాల సారం గాఢంగా కలిపి అమ్మే గొట్టాల (క్యాప్సూళ్ళ) సంగతి వేరు. అటువంటి పసుపు ఉత్పత్తులు వాడినవారిలో కాలేయం వాచిన కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. వందల ఏళ్ళుగా తింటున్న పసుపుకు ఈ చెడ్డపేరు రావడం బాధగానే ఉంటుంది, కాని మన పెద్దలు తిన్నది పులుసులో పసుపు. పాతిక రెట్లు పిండి గొట్టంలో కూరినది కాదు.

ఇక్కడ ఒక పక్క మాట. ‘ఫలానా ఆకులోని పదార్థం కుంగుబాటును తగ్గిస్తుందని శాస్త్రవేత్తలు కనుగొన్నారు’ అని మీరు చదివే వార్తల్లో ఎక్కువ భాగం ఎలుకల గురించినవి. ఎలుకకు కుంగుబాటు వచ్చిందో లేదో ఎవరు అడిగి తెలుసుకుంటారు? కొన్ని వారాల పాటు దాని గూడును ఒరిగించి పెడతారు, పడక తడిపేస్తారు, రాత్రంతా దీపం వెలిగిస్తారు, ఒక పూట తిండి ఆపుతారు. ఏ రోజు ఏ కష్టం వస్తుందో దానికి తెలియనివ్వరు. అలా నలిగిన ఎలుక తీపి నీళ్ళు పెట్టినా ఆసక్తి చూపదు. లేదంటే ఎక్కి రావడానికి వీల్లేని నీళ్ళ గాజు పాత్రలో వదిలి, అది ఎంతసేపు ఈది ఎప్పుడు కదలడం మానేస్తుందో చూస్తారు. 1977 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. కర్క్యుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, మానుపసుపులోని బెర్బెరిన్ వంటివి ఇచ్చిన ఎలుకలు ఈ పరీక్షల్లో మెరుగ్గా నిలిచాయి. అదేమీ వృథా పని కాదు. ఒత్తిడి ఎడతెగకుండా ఉన్నప్పుడు మెదడు నుంచి ఎడ్రినల్ గ్రంథులకు ఆదేశాలు ఆగకుండా వెళ్ళడం, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను హెచ్చుగానే ఉండిపోవడం, జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ భాగంలో నరకణాలను పోషించే ప్రోటీను తగ్గడం, సన్నని వాపు వంటి స్థితి ఏర్పడడం, వీటిని ఈ పదార్థాలు కొంత సరిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఉత్తరంలో మీరు చెప్పిన మూడింటి మెలకువకు, లెక్క మధ్యలో ఆగిపోవడానికి ఈ గొలుసులోనే ఎక్కడో కారణం ఉండవచ్చు. కాని ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిన మందుల జాబితా చాలా పొడవైనది.

అశ్వగంధ, అంటే మన పెన్నేరు, మనుషుల దాకా వచ్చిన మొక్క. దీని మీద పేరెన్నికగన్న పరీక్షల్లో ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది. 2012లో ప్రచురితమైన ఆ పరీక్షలో 64 మందిలో సగం మందికి అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున పూటకొకటిగా రెండు పూటలా 60 రోజులు ఇచ్చారు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. సారం తీసుకున్నవారిలో ఒత్తిడి కొలతలు బాగా తగ్గాయి, రక్తంలో కార్టిసాల్ సుమారు 28 శాతం తగ్గింది. నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. అయితే ఆ పరీక్షలో చేరినవారు చాలాకాలంగా ఒత్తిడితో ఉన్నవారు. మీకు ఉన్నటువంటి కుంగుబాటు కోసం చికిత్స పొందుతున్నవారు కారు. ఒత్తిడి, కుంగుబాటు పక్కపక్క ఇళ్ళే కాని ఒకే ఇల్లు కాదు.

మీ విషయంలో అశ్వగంధకు అడ్డుపడేది థైరాయిడ్. ఆ గ్రంథి కొద్దిగా మందగించిన 50 మందిపై 8 వారాల పాటు చేసిన మరో పరీక్షలో అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచింది. మాత్ర వేసుకోనివారికి అది లాభం కావచ్చు. కొలత చూసి 75 మైక్రోగ్రాములు నిర్ణయించిన మీకు ఆ లెక్క తప్పిపోతుంది, గుండె దడ, చేతుల వణుకు, ఉన్న నిద్ర కూడా పోవడం వంటివి రావచ్చు. అశ్వగంధ వాడినవారిలోనూ కామెర్లు, కాలేయ సమస్యలు అరుదుగానైనా నమోదయ్యాయి. డెన్మార్క్ ప్రభుత్వం 2023లో దాన్ని ఆహార ఉత్పత్తుల్లో నిషేధించింది. మన దేశంలో ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణలో వాడుతున్నారు, అది వేరు. ఖండాంతరం నుంచి పెట్టెలో వచ్చి, మీ వయసూ మీ మాత్రలూ ఎవరూ అడగకుండా మొదలుపెట్టడం వేరు.

మీ తమ్ముడు పంపిన రెండో సీసా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ మూడింటిలో కుంగుబాటుకు నిజంగా పనిచేస్తుందని గట్టి ఆధారం ఉన్నదీ అదే, మీకు అత్యంత ప్రమాదకరమైనదీ అదే. సెయింట్ జాన్స్ వర్ట్ ఐరోపాలో పెరిగే పసుపు పూల మొక్క. బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ జరిగే జూన్ 24 ప్రాంతంలో పూస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. జర్మనీలో వైద్యులే దీన్ని రాసి ఇస్తారు. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2008లో 29 పరీక్షలను, 5,489 మంది రోగుల వివరాలను కలిపి చూసి, ఇది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగు, మామూలు కుంగుబాటు మందులకు దీటు అని తేల్చింది. జర్మన్ మాట్లాడే దేశాల పరీక్షల్లో ఫలితాలు మరీ బాగా వచ్చాయని కూడా గమనించింది. దానికి ముందే, 2002లో, అమెరికాలో 340 మందిపై జరిగిన పరీక్షలో మాత్రం ఇది ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. నిజాయితీగా చెప్పాలంటే అదే పరీక్షలో పోలిక కోసం ఇచ్చిన సెర్ట్రలిన్ అనే ప్రసిద్ధ మందు కూడా ప్రధాన కొలతల్లో దాటలేదు. ఏమీ లేని మాత్ర వేసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మంది బాగుపడ్డారు. ‘మా వదినకు ఫలానాది వాడితే తగ్గింది’ అన్న మాటను నేను ఆధారంగా తీసుకోకపోవడానికి కారణం ఇదే.

ప్రమాదం ఎక్కడంటే, ఈ మొక్కలోని హైపర్‌ఫోరిన్ మిరియాలకు సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తుంది. మిరియం ద్వారపాలకుణ్ణి నిద్రపుచ్చితే, ఇది పదిమంది కొత్త ద్వారపాలకులను నియమిస్తుంది. కాలేయం మందులను మామూలు కన్నా వేగంగా విరిచేస్తుంది. 2000 సంవత్సరంలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ వైద్యులు ఇద్దరు రోగుల గురించి రాశారు. ఇద్దరికీ గుండె మార్పిడి జరిగింది. కొత్త గుండెను శరీరం తిప్పికొట్టకుండా సైక్లోస్పోరిన్ వాడుతున్నారు. ఈ మొక్క మాత్రలు మొదలుపెట్టాక రక్తంలో సైక్లోస్పోరిన్ పడిపోయి, శరీరం ఆ గుండెను తిప్పికొట్టడం మొదలుపెట్టింది. గర్భనిరోధక మాత్రలు, హెచ్‌ఐవీ మందులు, రక్తం పలచబరిచే మందులు కూడా ఇలాగే నీరుగారిపోతాయి. మీ ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే వచ్చే చిక్కు ఇంకో రకం. రెండూ మెదడులో నరకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే పదార్థం ప్రభావాన్ని పెంచేవే. రెండూ కలిస్తే అది మితిమీరి చెమటలు, వణుకు, విరేచనాలు, అశాంతి, తీవ్రమైతే జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం దాకా వెళ్ళవచ్చు. ‘మాత్ర సగం, మొక్క సగం’ అన్న రాజీ మార్గం ఇక్కడ లేదు.

సీసా వెనుక చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. ఈ ఉత్పత్తి ఏ జబ్బునూ నిర్ధారించడానికి గానీ, నయం చేయడానికి గానీ, నివారించడానికి గానీ ఉద్దేశించినది కాదు అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. 1994 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇటువంటి ఉత్పత్తులను అమ్మే ముందు అవి పనిచేస్తాయని ప్రభుత్వానికి రుజువు చూపనక్కరలేదు. బదులుగా ఆ వాక్యం ముద్రించాలి. మీ తమ్ముడు ప్రేమతోనే పంపాడు, అందులో సందేహం లేదు. కాని అమ్మేవాడే మందు కాదని రాసిన దాన్ని మనం మందనుకోవడం విచిత్రం కదా.

కుంకుమపువ్వు గురించి మీరు అడగలేదు గాని ఎవరో ఒకరు చెప్పక మానరు. టెహ్రాన్‌లో రోజుకు 30 మిల్లీగ్రాములతో ఆరు వారాల చిన్న చిన్న పరీక్షలు బాగానే వచ్చాయి. కల్తీ ఎక్కువ, ఖరీదు ఇంకా ఎక్కువ.

సహజం అంటే హాని లేదన్న నమ్మకానికి మన దేశపు మొక్కే ఒక జవాబు చెప్పింది. సర్పగంధ వేరును బీహార్‌లో పిచ్చికి మందుగా ఏనాటి నుంచో అమ్మేవారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో అది రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ పత్రికలో రాశాక ప్రపంచం దాని వైపు చూసింది. 1952లో స్విస్ శాస్త్రవేత్తలు అందులోంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. కొన్నేళ్ళకు, రక్తపోటు కోసం రిసర్పిన్ వాడుతున్నవారిలో కొందరు కుంగిపోతున్నారని వైద్యులు గమనించారు. అది నరాల చివర్లలో సెరటోనిన్ వంటి పదార్థాల నిల్వలను ఖాళీ చేస్తుందని తేలింది. కుంగుబాటు అంటే ఆ పదార్థాల కొరత కావచ్చునన్న సిద్ధాంతానికి ఈ పరిశీలన ఒక పునాది రాయి. రిసర్పిన్ నిజంగా కుంగదీస్తుందా అని తరువాతి వారు వాదించారు, ఆ సిద్ధాంతం కూడా ఇప్పుడు అంత తేలికగా నిలవడం లేదు. అయినా మీరు భయపడుతున్న ఎస్సిటాలోప్రామ్ వంశవృక్షాన్ని వెనక్కి వెతుక్కుంటూ వెళితే ఒక మలుపులో మన సర్పగంధ కనిపిస్తుంది.

ఆ భయం సంగతి చెబుతాను. ‘అలవాటైపోవడం’ అంటే నిద్రమాత్రల్లాగా మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించడం, లేకపోతే వెతుక్కోవడం. ఈ మాత్రతో అది రాదు. కాని ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు తగిలినట్టు ఉండడం కొందరికి జరుగుతుంది. అందుకే మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మొదటి వారం పది రోజులు వికారం, కొద్దిపాటి అలజడి ఉండవచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఈ వ్యవధిలోనే, బాధలు కనిపించి లాభం కనిపించక ముందే, మానేస్తారు. తగ్గిన తరువాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించాలి. దాంపత్య జీవితంలో ఆసక్తి తగ్గితే సిగ్గుపడకుండా చెప్పండి, మార్చడానికి వేరే మందులున్నాయి. మొదటి రోజుల్లో అశాంతి గానీ, మీరు చివర రాసిన ఆలోచన గానీ పెరిగినట్టనిపిస్తే వెంటనే తెలియజేయాలి.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరు గారిని ఒక్కటి అడగండి: థైరాయిడ్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు? ఆ మాత్ర చాలకపోయినా నీరసం, మందకొడితనం, దిగులు వస్తాయి. దానితో పాటు రక్తహీనత, బీ12 చూడమనండి. మీ వయసులో నెలసరి క్రమం తప్పుతుంటే అదీ చెప్పండి. రెండు సీసాలనూ సంచిలో వేసుకుని వెళ్ళి బల్ల మీద పెట్టండి. రోగులు ఇంట్లో ఏం మింగుతున్నారో మాకు తెలియకపోవడమే మా వృత్తిలో పెద్ద తలనొప్పి.

అయితే ఏ మాత్రా, ఏ మొక్కా మీ అత్తగారిని మంచం మీది నుంచి లేపదు. మీ ఉత్తరంలో తమ్ముడున్నాడు, అబ్బాయి ఉన్నాడు; మీ వారి మాట ఎక్కడా లేదు. ఆయన ఉంటే, అత్తగారిని చూసుకునే పూటల్లో రోజుకు ఒకటి ఆయనది కావాలి. తమ్ముడికి సాయం చేయాలని ఉంది కనుక, సీసాల ఖర్చుకు బదులు వారంలో కొన్ని రోజులకైనా ఒక ఆయాను పెట్టుకోవడానికి డబ్బు పంపమని అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ఫోను తీయవద్దు. ఎండ పొడ పడే వేళకు అరగంట నడవండి. మీ నాన్నగారి గురించి మాట్లాడుకోవడానికి ఒక కౌన్సెలర్ దొరికితే అది ఈ మాత్రకు తోడుగా పనికొచ్చే చికిత్సే.

థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్ళతో వేసుకోండి. పాలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. మీ అబ్బాయి ఇచ్చే పసుపు పాలు రాత్రి పడుకోబోయే ముందు తాగండి, మిరియాల పొడి చిటికెడుతో సహా.